కమాన్లు మార్చే ముందు కాటాకు వెళ్లు

చిరంజీవి మేనల్లుడికి,

మీ మామయ్య ఆశీస్సులు. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ ఇసుజు డి-మ్యాక్స్ పికప్పు ఖాళీగా ఉంటే వెనక ఎగిరెగిరి పడుతోంది, బోరు మోటార్లు, పైపులు వేస్తే కూర్చుంటోంది, మంగళగిరి దగ్గర హైవే మీద స్పీడు అందుకుంటే పక్కలకు ఊగుతోంది. అందుకని ముందు రెండు ఇంచులు ఎత్తు పెంచే కిట్టు, వెనక కమాన్ కట్టకు, అంటే వంపు తిరిగిన స్టీలు పట్టీల స్ప్రింగుకు, రెండు పట్టీలు ఎక్కువ వేయిద్దామనుకుంటున్నావు. డబ్బు కట్టకముందే అడిగావు, సంతోషం. ఆ రెండూ ప్రస్తుతానికి ఆపెయ్.

బండి కూర్చోవడం, బండి ఊగడం రెండూ వేరు వేరు జబ్బులు. బరువు మోసేది స్ప్రింగు. నీ డి-మ్యాక్స్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు. ఆ స్ప్రింగు ఊపును అణిచేది షాక్ అబ్జార్బరు. అది బరువు మోయదు. షాకులు అరిగిపోయిన బండికి పట్టీలు ఎక్కిస్తే ఊగుడు తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. గట్టి స్ప్రింగు అణిగినప్పుడు అంతే గట్టిగా వెనక్కి తంతుంది, ఆ తన్నును పట్టుకునే బలం పాత షాకుకు ఉండదు. ఆటోనగర్‌లో నా దగ్గరికి వచ్చిన పికప్పుల్లో ఎక్కువ వాటికి కావలసింది కొత్త షాకులే. యజమానులు మాత్రం పట్టీలు వేయమని వచ్చేవారు.

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్. టైర్లలో గాలి చూడు. లోడు కోసమని వెనక టైర్లకు ఎక్కువ గాలి కొట్టించి, అదే గాలితో వారమంతా ఖాళీగా తిరిగేవాళ్లు చాలామంది. ఖాళీ బండి ఎగిరిపడడానికి సగం కారణం అదే. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది. ఖాళీకి ఎంత, లోడుకు ఎంత అని రాసి ఉంటుంది, దాని ప్రకారం పెట్టి వారం రోజులు నడిపి చూడు.

తర్వాత బండి కిందికి దూరు. షాకు ఒంటి మీద ఆయిలు తడి ఉందా, దుమ్ము పట్టి జిడ్డుగా ఉందా చూడు. టైరు మీద అరచేతితో నిమురు. ఎత్తుపల్లాలుగా, గిన్నెలు చెక్కినట్టు అరిగి ఉంటే షాకు పని అయిపోయినట్టే. కమాన్ రెండు చివర్ల ఉండే గుండ్రటి కళ్లలోని రబ్బరు బుష్‌లు పగిలాయా, కమాన్ వెనక చివరను చాసిస్‌కు కలిపే షాకిల్ వదులైందా, పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గర పట్టీ జరిగిందా అన్నవి కూడా చూడు. నీది సెకండ్ హ్యాండు బండి కదా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు ఎన్ని బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో నీకు తెలుసు. అలాంటి బండికి పట్టీల మధ్య తుప్పు పట్టి, కట్ట మొత్తం ఒకే దిమ్మలా బిగుసుకుపోతుంది. నీ బండి కూడా అలా ఉంటే ఖాళీగా ఎందుకు ఎగురుతోందో ఇంక వేరే వెతకక్కర్లేదు.

ఇప్పుడు అసలు పని. లారీలను తూచే కాటాకు వెళ్లు. మూడుసార్లు తూయించు: నువ్వు ఎక్కి, ట్యాంకు నిండా డీజిలుతో ఖాళీ బండి ఒకసారి, రోజూ వేసుకు తిరిగే సామానుతో ఒకసారి, మిరప సీజన్లో మీ నాన్న మిర్చి యార్డుకు పంపే లోడుతో ఒకసారి. ప్రతిసారీ ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫాం మీద ఉంచి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి ఒక తూకం తీసుకో. రెంటికీ తేడా ఎంతో అదే వెనక ఇరుసు మీద పడే బరువు. చీటీలు పారేయకు. మంచి షాపువాడు నిన్ను మొదట అడిగేది ఆ అంకెలే. అడగకుండా కిట్టు చూపించేవాడి దగ్గర కొనకు.

కమాన్ల ఎంపిక రోజువారీ తూకం మీద జరగాలి, ఏడాదిలో అత్యంత బరువైన రోజు మీద కాదు. నా మాటల్లో ఏదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకో. నీ బండిలో పనిముట్ల పెట్టె, చైన్ పుల్లీ, కేబులు చుట్టలు ఎప్పుడూ ఉంటాయి. ఆ బరువు నిత్యం ఉండేది కాబట్టి కంపెనీ కమాన్ల కంటే ఒక మెట్టు గట్టివి వేసుకోవచ్చు, తప్పులేదు. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు వెనక కమాన్లను నిత్యం ఉండే బరువును బట్టి రకాలుగా చేసి అమ్ముతాయి. వాటిలో మధ్యరకం తీసుకో. బాగా బరువుకు చేసిన కట్ట వేశావంటే మీ అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి అమరావతి గుడికి తీసుకెళ్లిన రోజు ఆవిడ నడుము పట్టేస్తుంది. అంతకంటే ప్రమాదం వర్షంలో ఉంది. ఖాళీ బండికి వెనక కమాన్లు మరీ గట్టిగా ఉంటే గతుకు మీద టైరు నేలను వదిలేస్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు కొట్టినప్పుడు అది ఎటు పోతుందో చెప్పలేం.

పాత కట్టను కాల్చి, సుత్తితో వంపు కొట్టించి ఎత్తు తెప్పిస్తానని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. వేడి చేసిన స్టీలుకు మళ్లీ పద్ధతిగా టెంపరింగ్, అంటే సరైన గట్టిదనం వచ్చేలా కొలత ప్రకారం వేడి చేయడం, జరగకపోతే కొన్నాళ్లకే మెత్తబడి మళ్లీ కూర్చుంటుంది, లేదా విరుగుతుంది. చల్లగా వంపు సరిచేసే పనివాడైతే కొంత నయం, కానీ డబ్బు ఉంటే కొత్త కట్టే మేలు.

మరి మిరప రోజుల మాటేమిటి అంటావు. టిక్కీ, అంటే మిరప బస్తా, 40 నుంచి 45 కిలోలు తూగుతుంది, 25 టిక్కీలు వేస్తే టన్నో, ఇంకా ఎక్కువో అవుతుంది. కమాన్ ఎంత గట్టిదైనా ఆర్సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. బ్రేకులు, ఇరుసు, టైర్లు, చాసిస్ అన్నీ పాతవే కదా. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000. రెండు ట్రిప్పులు వెయ్యి. ఇందులో నేను ఇంకో దారి చెప్పను.

ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య పెట్టే గాలి బుడగల గురించి కూడా ఎవరో చెబుతారు. గాలి కొట్టి ఎత్తు సరిచేసుకోవచ్చు, ఖాళీగా ఉన్నప్పుడు తీసేయొచ్చు, సౌకర్యమే. కానీ కమాన్ తన బరువును ముందు కంటి దగ్గర కొంత, వెనక షాకిల్ దగ్గర కొంత చాసిస్ మీద పంచుతుంది. బుడగ మొత్తం ఒకేచోట తోస్తుంది. తొట్టి వెనక అంచున బరువు వేసి, బుడగలకు గాలి దట్టించి, గుంతల్లో పరిగెత్తించిన డబుల్ క్యాబిన్ బండ్లకు చాసిస్ వంగిన సందర్భాలు ఉన్నాయి. ఇవి లేకుండానే నీ పని జరుగుతుంది. లోడు ఎప్పుడూ క్యాబిన్‌కు ఆనించి వెయ్యి. వెనక ఇరుసు దాటి బరువు పడితే ముందు చక్రాలు తేలిక అవుతాయి, స్టీరింగు పట్టు పోతుంది. హైవే మీద ఊగడానికి ఇది కూడా కారణం కావచ్చు, పైపులు ఎలా కడుతున్నావో చూసుకో.

ఎత్తు సంగతి. రెండు ఇంచులు అంటే 50 మిల్లీమీటర్లు. ముందు ఎత్తు పెరిగే కొద్దీ ముందు చక్రాలను పట్టి ఉంచే చేతులు, అంటే విష్‌బోన్లు, కిందికి వంగి క్యాంబర్ (చక్రం నిలబడే వాలు), క్యాస్టర్ (స్టీరింగు తిరిగే ఇరుసు వాలు) మారతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. స్ప్రింగు మీద దిమ్మ పెట్టి ఎత్తు పెంచే పద్ధతి ఇంకా నాసి. చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోయి, గుంతలో పడ్డప్పుడల్లా షాకు చివరి వరకు సాగి కొట్టుకుంటుంది. గుంటూరు నుంచి బెజవాడకు హైవే, మధ్యలో పొలాల డొంకలు, ఇదీ నీ దారి. రేగడిలో దిగబడితే బండిని బయటికి తెచ్చేది టైరు, ఎత్తు కాదు. కొత్త స్ప్రింగులతో 30, 40 మిల్లీమీటర్లు దానంతట అదే లేస్తే సరే, అంతకు మించి వెళ్లకు. ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. రేపు యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది అదే. కొనేముందు వాళ్లకూ ఆర్టీవో ఆఫీసులోనూ ఒక మాట చెప్పి పని మొదలుపెట్టు.

షాకులకు మాత్రం డబ్బు వెనకాడకు. ఒకే గొట్టం ఉండే మోనో ట్యూబు షాకు వేడిని బాగా వదులుతుంది, మన మే నెల ఎండల్లో గతుకు రోడ్డు మీద పొడుగ్గా తోలేవాళ్లకు మంచిది. కానీ దాని ఒంటికి రాయి తగిలి సొట్ట పడితే లోపలి పిస్టన్ పట్టేస్తుంది. నీ వాడకానికి గొట్టంలో గొట్టం ఉండే పెద్ద సైజు గ్యాస్ ట్విన్ ట్యూబు చాలు. విడిగా డబ్బా తగిలించిన ఖరీదైనవి రేసుల వాళ్లకు, వాటికి సర్వీసు చేసేవాడిని వెతుక్కోవాలి. స్ప్రింగులు, షాకులు ఒకే కంపెనీవి, ఒకదానికి ఒకటి సరిపోయేలా చేసినవి తీసుకో. బుష్‌లు రబ్బరువే ఉంచు. పాలియూరితేన్ అనే ప్లాస్టిక్ బుష్ గట్టిగా ఉంటుంది, గ్రీజు పెట్టకపోతే కిర్రుమంటుంది.

బిగించే రోజు నువ్వు దగ్గరుండు. పని మొదలుపెట్టక ముందు నాలుగు చక్రాల దగ్గరా చక్రం నడిమి హబ్ మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి రాసుకో. ఇరుసును కమాన్‌కు కట్టే యూ బోల్టులు కొత్తవే వేయించు, పాతవి సాగి ఉంటాయి. బుష్ బోల్టులు జాకీ మీద ఉండగా ఊరికే తగిలించి, బండి నేల మీదికి దిగి తన బరువు మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించమను. గాలిలో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. చాలామంది మెకానిక్కులు తొందరలో ఇది చెయ్యరు, నువ్వు గట్టిగా అడుగు. బ్రేకు పైపులు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు లాగబడుతున్నాయా చూడు. కొన్ని పికప్పులకు వెనక ఇరుసు నుంచి ఒక కడ్డీ బ్రేకు వాల్వుకు వెళ్తుంది, లోడు పడి బండి దిగితే వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. నీ దానికి ఉంటే, ఎత్తు మారాక దాన్ని సరిచేయించాలి. లేకపోతే లోడు ఉన్నా ఖాళీ అనుకుని వెనక బ్రేకు తక్కువ వేస్తుంది.

అదే రోజు వీల్ అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల దిశ సరిచేయించు. 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి, మొదటి లోడు వేశాక మరోసారి. కాటా చీటీలు ఫొటో తీసి నాకు పంపు. ఏ కట్ట తీసుకోవాలో అంకెలు చూసి చెబుతాను. బిగించే రోజు ఆదివారం కాకుండా చూసుకో, ఆటోనగర్‌లో నేనూ వచ్చి నిలబడతాను. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

మీ మామయ్య