ఎన్నారై సందేహాలు: పాత ఇంటి గోడల్లో దాగిన నీటి లీకు

ఇల్లు కొని నాలుగు నెలలైనా కాకముందే వంటగది పైకప్పు మీద పల్చటి డికాక్షన్ రంగు మరక కనిపించిందట. పైన బాత్రూం ఉంది, ఎవరిని పిలవాలి అని న్యూజెర్సీలో 1960ల నాటి ఇల్లు కొన్న ఒక యువ దంపతులు అడిగారు. పైకప్పు ఉబ్బి వేలాడుతున్నా, దీపం చుట్టూ నీళ్లు కారుతున్నా ఆలోచించకుండా ఆ గదికి కరెంటు తీసేసి, ఇంటికి నీళ్లు వచ్చే ప్రధాన వాల్వు కట్టేసి, ప్లంబర్‌ను పిలవండి. ఉన్నది మరక మాత్రమే అయితే ముందు ఒక పెన్సిలు అందుకోండి. మరక అంచు వెంట గీత గీసి పక్కన తేదీ వేయండి. వారంలో తడి గీత దాటితే లీకు ఇంకా నడుస్తోందని అర్థం. దాటకపోయినా అప్పుడే నిశ్చింతగా ఉండకండి. ఎప్పుడు దాటుతుందో, దాటిన రోజు ఇంట్లో ఎవరు ఏం వాడారో గమనించండి.

మనవాళ్లం ఈ విషయంలో కొంచెం ఆలస్యంగా మేల్కొంటాం. అందుకు కారణం ఉంది. మన ఊళ్లలో లీకును ట్యాంకే పట్టిస్తుంది. పొద్దున నింపిన ట్యాంకు మధ్యాహ్నానికి ఖాళీ అయితే ఇంటిల్లిపాదీ కుళాయిలు వెతుకుతారు. ఇక్కడ డాబా మీద ట్యాంకు లేదు, మోటారు లేదు. వీధి గొట్టం నుంచి ఒత్తిడితో రాత్రింబవళ్లు నీళ్లు వస్తూనే ఉంటాయి. గోడ కూడా ఇటుక గోడ కాదు, చెక్క నిలువుల మధ్య ఖాళీ వదిలి పైన జిప్సం పలక బిగించినది. ఇటుక గోడైతే చెమ్మ ఊరి సున్నం పెచ్చులు లేస్తుంది. ఇక్కడి గోడ పైకి తెల్లగానే ఉండి లోపల నానుతుంది. మూడు నెలలకోసారి నీళ్ల బిల్లు వచ్చే ఊళ్లో ఉంటే అప్పటిదాకా మీకు తెలియనే తెలియదు.

అందుకే ట్యాంకు చేసే పని ఇక్కడ మీటరుతో చేయించుకోవాలి. చలి ప్రాంతాల్లో అది చాలావరకు బేస్‌మెంట్‌లో, వెచ్చటి రాష్ట్రాల్లో వీధి పక్క గుంటలో ఉంటుంది. రాత్రి అందరూ పడుకునే ముందు అన్ని కుళాయిలూ కట్టేసి, డిష్‌వాషరు, ఐసు తయారుచేసే ఫ్రిజ్, తోట గొట్టం కూడా ఆపి, మీటరు ముందు టార్చి పట్టుకుని కూర్చోండి. అంకెల పక్కన చిన్న ఎర్ర త్రికోణమో నక్షత్రమో ఉంటుంది. నీళ్లు దారంలా కదిలినా అది తిరుగుతుంది. అలాంటిది లేని మీటరైతే అంకె రాసుకుని, రెండు గంటలు ఎవరూ నీళ్లు ముట్టకుండా ఉండి మళ్లీ చూడండి. తిరుగుతోందా? ప్రధాన వాల్వు కట్టేయండి. మీటరు వాల్వుకన్నా ముందే ఉండి, కట్టినా ఇంకా తిరుగుతుంటే లీకు ఆ రెండింటి మధ్య ఉంది. ఆగిపోతే ఇంట్లోనే ఉంది.

సెకనుకు ఒక్క చుక్క కారే కుళాయి ఏడాదికి 3,000 గాలన్లకు పైగా పారబోస్తుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. మన లెక్కలో వెయ్యి లీటర్ల డాబా ట్యాంకులు పదకొండు.

ఇంట్లోనే అని తేలితే ముందు గోడ జోలికి పోకండి, ఫ్లష్ ట్యాంకు మూత తీయండి. మిఠాయిల్లో వేసే రంగు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా పదిహేను నిమిషాలు ఆగండి. కింద గిన్నెలోకి రంగు దిగితే ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత అరిగిపోయింది. పది డాలర్లలో వచ్చే వస్తువు, మార్చడానికి పనిముట్లు కూడా అక్కర్లేదు. (రంగు లేదని పసుపు కలపకండి. మా ఇంట్లో ఆ ప్రయోగం జరిగింది, దాని జ్ఞాపకం చాలా కాలం వదల్లేదు.)

మీటరు కదలకుండా ఉండి, మరక మాత్రం పెరుగుతుంటే సంగతి వేరు. నీళ్లు తెచ్చే గొట్టం ఎప్పుడూ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి అది కారితే రోజంతా కారుతుంది. నీళ్లు తీసుకుపోయే గొట్టం వాడినప్పుడే కారుతుంది. ఈ తేడా తెలియక నేను డబ్బు వదిలించుకున్నాను. 1958లో కట్టిన మా ఇంట్లో మీ మరకలాంటిదే వచ్చింది. పిలిచిన ప్లంబర్ పైకప్పు వైపు ఒకసారి చూసి, షవరు గొట్టమే అని తేల్చి, బాత్రూం వెనక గోడ రెండడుగులు కోశాడు. లోపల గొట్టం ఎండుటాకులా పొడిగా ఉంది. కోసినందుకు డబ్బు తీసుకున్నాడు, గోడ మూయడం తన పని కాదన్నాడు.

తర్వాత నేనే వరుసగా పరీక్ష పెట్టాను. కింద పైకప్పులో చిన్న చతురస్రం కోసి, మా ఆవిడను టార్చితో నిలబెట్టి, పైన ఒక్కొక్కటీ వాడాను. ముందు ఐదుసార్లు ఫ్లష్, అరగంట ఆగడం. తర్వాత టబ్బు కుళాయి నుంచి బకెట్‌తో పట్టి నేరుగా కన్నంలోకి పోయడం, మళ్లీ అరగంట. తర్వాత టబ్బు నింపి, అంచుకింద పొర్లు కన్నం దాకా నీళ్లు రానివ్వడం. చివరికి షవరు నీళ్లు టైల్స్ గోడ మీద కొట్టించడం. దేనికీ చుక్క రాలేదు. మర్నాడు పొద్దున మా మామగారు స్నానం చేసి వచ్చిన పది నిమిషాలకు కింద చుక్కలు మొదలయ్యాయి. ఆయన టబ్బులో దిగడం ఇష్టం లేక బాత్రూం మధ్యన పీట వేసుకుని, బకెట్టూ చెంబూ పెట్టుకుని, ఊళ్లో చేసినట్టే స్నానం చేస్తున్నారు. ఇక్కడ టబ్బు బయట నేలకు నీళ్లు పోయే కన్నం ఉండదన్న మాట ఆయనకు మేమే చెప్పలేదు. నీళ్లు టాయిలెట్ మొదలు పక్కగా దిగి, చెక్క దూలం వెంట మూడడుగులు జారి, వంటగదిలో తేలాయి. మరక ఉన్న చోటే లీకు ఉంటుందనుకోవద్దని ఆ రోజు నేర్చుకున్నాను. ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే పీటను టబ్బు లోపల వేయండి. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి గోడకు కమ్మీ బిగించండి.

మనవాళ్ల ఇళ్లకే ప్రత్యేకమైన లీకు ఇంకొకటి ఉంది. టాయిలెట్ పక్కన మనం బిగించుకునే చేతి స్ప్రే. దాని సన్న గొట్టం రోజంతా ఒత్తిడి మోయడానికి చేసినది కాదు. గోడ దగ్గరి చిన్న వాల్వును వాడిన ప్రతిసారీ కట్టాలి. అందరూ పనికి, బడికి వెళ్లిన వేళ ఆ గొట్టం చిట్లితే సాయంత్రానికి కింది అంతస్తు కూడా తడుస్తుంది.

గొట్టాల వయసు కూడా తెలుసుకోండి. బేస్‌మెంట్‌లో గొట్టాన్ని నాణెంతో గీకి, అయస్కాంతం పెట్టి చూడండి. అయస్కాంతం అతుక్కుంటే జింకు పూసిన ఇనుము. 1960ల వరకు విరివిగా వేశారు, లోపలే తుప్పు పేరుకుని సన్నబడుతుంది. పైన ఒకేసారి రెండు కుళాయిలు తిప్పితే ధార చచ్చిపోవడం దాని లక్షణం. గీత రాగి రంగులో మెరిస్తే రాగి. దాని అతుకుల దగ్గర, రాగి చెంబుకు పట్టినట్టే పచ్చని చిలుము పట్టి ఉంటే అక్కడ సూదిబెజ్జం ఉందేమో వేలితో తడిమి చూడండి. అయస్కాంతం పట్టకుండా, మెత్తగా, వెండిలా మెరిస్తే సీసం. ఇంట్లో పిల్లలుంటే ముందు నీళ్లు పరీక్ష చేయించండి. 1970ల చివరి నుంచి 1990ల మధ్య వరకు వేసిన బూడిద రంగు ప్లాస్టిక్ గొట్టం, పాలీబ్యుటిలీన్, కనిపిస్తే అతుకులు వేయడం మాని మొత్తం మార్పించడానికి డబ్బు దాచుకోండి. అది పెళుసుబారి చెప్పకుండా చిట్లుతుంది.

రాగి గొట్టంలో సూదిబెజ్జం పడితే రబ్బరు పెట్టి బిగించే పట్టీ ఆ రాత్రి గడవడానికి చాలు. శాశ్వతంగా అయితే ఆ ముక్క కోసి కొత్తది అతకాలి. టంకం వేయాలంటే గొట్టంలో చుక్క నీరు ఉన్నా వేడి ఎక్కదు. ఒక పాతకాలపు మేస్త్రీ తెల్ల బ్రెడ్డు మెత్తటి భాగాన్ని ఉండ చేసి గొట్టంలోకి దూర్చి, ఆ నీటిని ఆపి, టంకం వేయడం నా కళ్లతో చూశాను. తర్వాత కుళాయి జల్లెడ తీసి నీళ్లు వదిలితే బ్రెడ్డు కరిగి వచ్చేసింది. మీరు మాత్రం చెక్క గోడల మధ్య మంట పెట్టకండి. మంట లేకుండా నొక్కి బిగించే అతుకులు దొరుకుతాయి. గోడ లోపల పెద్ద మార్పు చేసేముందు ఊరి కార్యాలయంలో పర్మిట్ కావాలేమో అడగండి.

1978కి ముందు కట్టిన ఇంట్లో గోడ కోసేటప్పుడు పాత రంగులో సీసం ఉండవచ్చు, పరీక్ష చేయించకుండా పొడి రేపకండి. తడిసిన చోటును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. ఇన్సూరెన్స్ సాధారణంగా హఠాత్తుగా పగిలిన గొట్టం చేసిన నష్టానికి ఇస్తుంది కానీ నెలల తరబడి ఊరిన నీటికి ఇవ్వదు. మీరు తేదీ వేసిన ఆ పెన్సిలు గీతను ఫొటో తీసి ఉంచమనేది అందుకే.

సంక్రాంతికి ఊరు వెళ్తున్నామని కూడా రాశారు. బయలుదేరే రోజు ప్రధాన వాల్వు కట్టేసి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తిప్పి గొట్టాలు ఖాళీ చేయండి. ఇంటి వేడి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గనివ్వకండి. వేడినీటి రేడియేటర్లున్న ఇల్లైతే వాల్వు కట్టే ముందు బాయిలరు మనిషిని అడగండి. అసలు ఆ వాల్వు తిరుగుతుందో లేదో మాత్రం ఈ వారమే చూడండి. గుండ్రటి పాత చక్రం బిగుసుకుపోయి ఉంటే బలం పెట్టకండి, విరుగుతుంది. ప్లంబర్‌ను పిలిచి పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వు పెట్టించండి. మాది తిరగదని నాకు తెలిసింది విమానానికి నాలుగు గంటల ముందు.