వేసవికి జుట్టు రంగు ఎంచుకోబోయే మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి, నెల్లూరు నుంచి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన ఫొటోలన్నీ నిదానంగా చూశాను. బూడిద ఛాయ కలిసిన లేత బంగారు రంగు మీద నీ మనసు పడిందనీ, వైశాఖంలో జరగబోయే మీ పిన్ని కూతురి పెళ్లిలోగా వేయించుకోవాలని ఉందనీ రాశావు. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వయసులో ఉన్న పిల్లలు ముచ్చటపడి రంగు వేయించుకుంటే సంతోషించేదాన్నే గానీ కాదనేదాన్ని కాదు. అయితే ఏళ్ల తరబడి పార్లర్ నడిపినదానిగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. వేసవిలో రంగు ఎంచుకునేటప్పుడు, కుర్చీలోంచి లేచిన రోజు అద్దంలో ఎలా కనిపిస్తుందన్నది చాలదు; ఒంగోలు ఎండకూ, చెమటకూ, మీ ఇంటి బోరు నీళ్లకూ నెలన్నర పాటు ఓర్చుకున్న తరువాత ఏ రంగు మిగులుతుందో అది చూసి ఎంచుకోవాలి.

పార్లర్‌లో నీ చేతికిచ్చే షేడ్ కార్డు మీద అంకెలుంటాయి. 1 అంటే కారు నలుపు, 10 అంటే అతి లేత రంగు. మన ఆడపిల్లల జుట్టు సాధారణంగా 1 నుంచి 3 లోపే ఉంటుంది. చుక్క తరువాత వచ్చే అంకె ఛాయను చెబుతుంది. చాలా కంపెనీల కార్డుల్లో 1 బూడిద ఛాయ, 3 బంగారు ఛాయ, 4 రాగి ఛాయ. కంపెనీని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి కాబట్టి, అంకెతో పాటు కార్డుకు అంటించిన జుట్టు ముక్కను కూడా కిటికీ దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని చూడు. నువ్వు పంపిన ఫొటోలోని రంగు 8 గానీ 9 గానీ అయి ఉంటుంది. రంగులో కలిపే డెవలపర్ 20 వాల్యూమ్‌ది, అంటే 6 శాతం పెరాక్సైడ్‌ది అయితే జుట్టును ఒకటి రెండు మెట్లు లేతగా చేయగలదు. 30 వాల్యూమ్‌ది, అంటే 9 శాతానిది అయితే రెండు మూడు మెట్లు. కాబట్టి బ్లీచ్ లేకుండా నువ్వు చేరగలిగేది 4 లేదా 5 వరకే. 8కి వెళ్లాలంటే బ్లీచ్ తప్పదు, అదీ ఒక్క దఫాలో అయ్యే పని కాదు.

బ్లీచ్ వేసినప్పుడు మన నలుపు పోతూ పోతూ ముందు ఎరుపు, తరువాత నారింజ, ఆ తరువాత పసుపు బయటపడతాయి. ఆ పసుపును అణచడానికి పైన టోనర్ వేస్తారు. నీకు ఫొటోలో నచ్చిన ఆ బూడిద ఛాయంతా టోనర్ చలువే. టోనర్ నిలిచేది కొన్ని వారాలు మాత్రమే, వేసవిలో ఇంకా తక్కువ. అది కడుక్కుపోయాక మిగిలేది తోమకుండా వదిలేసిన ఇత్తడి చెంబు రంగు. పెళ్లి ఫొటోల్లో బాగానే ఉంటావు, జూన్‌లో కాలేజీ తెరిచే నాటికి మాత్రం ఆ రంగును జడలో దాచుకునే పనిలో పడతావు.

ఎండ సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక వెంట్రుక ఎంత! ఎండలోని అతినీల లోహిత కిరణాలు జుట్టు సహజ వర్ణాన్నీ, పైన వేసిన రంగునూ రెండింటినీ వెలిసిపోయేలా చేస్తాయి. దానికి తోడు చెమట పడితే వారానికి ఒకసారి పోసుకునే తలస్నానం మూడుసార్లవుతుంది, ప్రతి తలస్నానానికీ కొంత రంగు మోరీలోకి పోతుంది. మీ వైపు బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు కదా, ఆ నీళ్లలోని సున్నపు లవణాలు వెంట్రుక మీద పేరుకుని రంగును మసకబారుస్తాయి. ఇనుము ఉన్న నీళ్లయితే లేత రంగు మీద తుప్పు ఛాయ కూడా పడుతుంది. నల్లటి జుట్టు మీద ఇవేవీ పైకి కనిపించవు, లేత రంగు మీద అన్నీ కనిపిస్తాయి.

అందుకని నా మాట విని ముందు ఒక పని చెయ్యి. మెడ వెనుక, లోపలి పొరలోంచి పెన్సిల్ మందంలో సగం ఉండే చిన్న పాయను కత్తిరించి, మొదలు దగ్గర దారంతో బిగించి కట్టు. దాన్ని నువ్వు వెళ్లబోయే పార్లర్‌కు తీసుకెళ్లి, నీకు వేయబోయే రంగే, వేయబోయే డెవలపర్‌తోనే దాని మీద వేసి ఇమ్మని అడుగు. పని తెలిసినవాళ్లు కాదనరు. కాదంటే అక్కడ కూర్చోకు. ఇంటికి తెచ్చాక రోజూ మీ బోరు నీళ్లలో, నువ్వు వాడే షాంపూతోనే కడిగి, డాబా మీద బట్టల దండేనికి క్లిప్పు పెట్టి పగలంతా ఎండలో వదిలెయ్యి. పది పన్నెండు రోజులకు ఆ పాయ నీకు నిజం చెబుతుంది. వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగు, తడిసినప్పుడు జిగురులా సాగి తెగిపోతుంటే ఆ జుట్టు బ్లీచ్‌కు తట్టుకోదని అర్థం. రంగు మారినా చూడడానికి ఇంపుగానే ఉందనుకుంటే నిశ్చింతగా వేయించుకో.

నన్నే ఎంచమంటే మాత్రం, నీ చామనఛాయకు వెచ్చని గోధుమ రంగులు ఎంచుతాను: 4 లేదా 5లో చాక్లెట్, చెస్ట్‌నట్, వాటి మధ్య అక్కడక్కడా తేనె రంగు లేక లేత రాగి రంగు పాయలు. ఇవి వెలిసేటప్పుడు కూడా బంగారు ఛాయ వైపే వెళతాయి కాబట్టి పాడైనట్టు కాక, ఎండకు సహజంగా తేలినట్టు కనిపిస్తాయి. మన ఊళ్లలో అందరూ అడిగే బర్గండీ మొదటి వారం ఎంతో బాగుంటుంది గానీ, ఎరుపు ఛాయలు అన్నిటికంటే త్వరగా వెలుస్తాయి. వేసవి దాటి వానలు పడ్డాక వేయించుకోవలసిన రంగు అది. ఇంకొక సంగతి కూడా ఆలోచించు. ఎండాకాలమంతా నువ్వు జడలో మల్లెలు తురుముకుంటావు. ముదురు గోధుమ రంగు మీద మల్లెలు నలుపు మీద కన్నా మెత్తగా, అందంగా వెలుగుతాయి. రాగి రంగు మీద కనకాంబరాలు కలిసిపోయి కనిపించనే కనిపించవు, బర్గండీ పక్కన అయితే కొట్టుకుంటాయి. పెళ్లికి మీ అమ్మ నీకోసం తీసిన వెంకటగిరి జరీ చీర పక్కన కూడా చల్లని బూడిద ఛాయ కంటే వెచ్చని గోధుమ రంగే నిండుగా ఉంటుంది.

రంగు తల మొత్తానికీ వేయించుకోకు. పార్లర్లలో గ్లోబల్ అంటారు, అదే ముందు చెబుతారు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పైన పెరుగుతుంది. తల మొత్తానికీ వేస్తే రెండో నెలకే పాపిట దగ్గర నల్లటి గీత తేలి, రూట్ టచప్ కోసం మళ్లీ కుర్చీ ఎక్కవలసి వస్తుంది. అదే బాలయాజ్ పద్ధతిలో, కుదుళ్లను ముట్టకుండా, చెవి కిందనుంచి కొసల దాకా బ్రష్‌తో చేత్తో వేయించుకుంటే పెరిగిన జుట్టు తేడాగా కనిపించదు, మందు మాడుకు తగలదు. పొడుగు జుట్టు ఉన్న నీకు ఇందులో ఇంకో లాభం ఉంది: జడ వేసినప్పుడు ఆ లేత పాయలు అల్లికలో ఒకదాని కింద ఒకటి దూరి బయటికి వస్తూ, జడ పొడవునా కనిపిస్తాయి. తేనె రంగు పాయలకు కొద్దిగా బ్లీచ్ కావాలంటే ఆ నాలుగైదు పాయలకే వేయించు, తలకంతా వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. నీ తలకు మీ అమ్మమ్మ ఏటేటా పెట్టే గోరింటాకు సంగతి పార్లర్‌లో దాచకుండా చెప్పు. ఆకు నూరి పెట్టిన రంగు వెంట్రుకలోని మాంసకృత్తును పట్టుకుని ఉండిపోతుంది, కడిగితే పోదు. దాని మీద బ్లీచ్ వేస్తే మొండి నారింజ రంగు తేలుతుంది. అంతకంటే ప్రమాదం ప్యాకెట్లలో వచ్చే కొన్ని మెహందీ పొడులది. వాటిలో లోహపు లవణాలు కలిసి ఉంటే పెరాక్సైడ్ తగలగానే జుట్టు వేడెక్కి, పొగలు వచ్చి, తెగిపోయే అవకాశం ఉంది. నల్ల మెహందీ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అవి గోరింటాకు కానే కావు. నువ్వు వాడిన ప్యాకెట్ అట్టను పారేయకుండా వెంట తీసుకెళ్లు. పాత రంగు మీద కొత్త రంగు వేస్తే లేతబడదని కూడా గుర్తుంచుకో. వేసిన రంగును తీయడానికి మళ్లీ బ్లీచే కావాలి.

ఆ పీపీడీ ముదురు రంగులు చాలావాటిలో ఉంటుంది, కొందరికి అస్సలు పడదు. అందుకే రంగు వేయించుకోవడానికి 48 గంటల ముందు చెవి వెనుక గానీ, మోచేతి లోపలి మడతలో గానీ చుక్క రాయించుకో. దురద, ఎరుపు, వాపు ఏది కనిపించినా ఆ రంగు నీకు కాదు. ఇదివరకు వేసుకున్నప్పుడు ఏమీ కాలేదన్న ధీమా పనికిరాదు, ఎలర్జీ ఎప్పుడైనా మొదలు కావచ్చు. అమ్మోనియా లేదని డబ్బా మీద ఉన్నంత మాత్రాన పీపీడీ లేదని కాదు. కనుబొమలకూ రెప్పలకూ ఆ రంగు అసలు తగలనివ్వకు. చూపుకే ప్రమాదమని డబ్బా మీదే రాసి ఉంటుంది. మిగిలిన సీసాను పిల్లలకు అందని చోట పెట్టు.

పెళ్లికి వారం పది రోజుల ముందు వేయించుకో, ముందురోజు మాత్రం వద్దు. వెళ్లే ముందురోజు షాంపూ చేయకు. మాడు మీద ఉండే సహజమైన జిడ్డు కాస్త కాపు కాస్తుంది. స్ట్రెయిటెనింగ్ కూడా చేయించుకుందామనుకుంటే రెండూ ఒక నెలలో పెట్టుకోకు. వేయించుకున్నాక రెండు రోజులు తల తడపకు, ఆ తరువాత చల్లని నీళ్లతో, సల్ఫేట్ లేని షాంపూతో పోసుకుని, చివరి చెంబు మాత్రం క్యాన్ నీళ్లతో పోసుకో. తలస్నానానికి గంట ముందు పాయలకు కొబ్బరినూనె రాస్తే కడిగేటప్పుడు వెంట్రుక అంతగా దెబ్బతినదు. స్కూటీ మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ కింద పలుచని నూలు చున్నీ కట్టుకుని జడను లోపలికి దోపుకో. పెళ్లయ్యాక మీరంతా కొత్తపట్నం సముద్రానికి వెళతారని మీ అమ్మ చెప్పింది. నీళ్లలోకి దిగే ముందు జుట్టును మంచినీళ్లతో తడుపుకుంటే ఉప్పునీరు అంతగా పీల్చుకోదు, రాగానే మళ్లీ మంచినీళ్లతో కడుక్కో.

మీ అమ్మ తెల్లవెంట్రుకల కోసం నీతో పాటు అదే రంగు వేయించుకుంటానందట. ఆమెకు అది సరిపడదు. తెల్లజుట్టు మీద ఫ్యాషన్ ఛాయలు మరీ కొట్టొచ్చినట్టు పడతాయి, దానిలో సహజ రంగు కలిపి వేయాలి. ఆమెను పెళ్లికి ముందే నా దగ్గరికి పంపు, నేను చూస్తాను.

పని అయ్యాక కంపెనీ పేరు, షేడ్ అంకె, డెవలపర్ వాల్యూమ్, ఎంతసేపు ఉంచారో ఒక కాగితం మీద వాళ్ల చేతనే రాయించుకుని భద్రపరచు. శ్రావణంలో మళ్లీ సరిచేయించుకునేటప్పుడు, అది నేను చేసినా ఇంకొకరు చేసినా, ముందు అడిగేది ఆ కాగితమే.

ఇట్లు,
మీ మేనత్త