పడదు అని మాత్రం చెప్పకు రా

ఒరేయ్ చిన్నోడా,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి ఒక్క ముక్కలో చెప్పి పెట్టేశాడు, పాప పుట్టినరోజుకి బయట నుంచి ఏమీ తెప్పించడంట, నలభై మందికీ వాడే వండుతాడంట అని. స్టవ్ వెలిగించాలంటే మూడు సార్లు "అత్తా" అని కేకేసేవాడివి, నువ్వేనా? ముందు నవ్వొచ్చింది, తర్వాత గర్వంగా అనిపించింది, ఆ తర్వాత లైట్ ఆపి పడుకున్నాక నిద్ర పట్టలేదు. పాపకి పల్లీలు, పాలు రెండూ అలర్జీ అని తేలి మూడు నెలలు కూడా కాలేదు కదరా. మా అబ్బాయికి, అదే మీ బావకి, పల్లీలు అలర్జీ కదా, వాడితో నేను ఇరవై ఏళ్ళకి పైగా ఈ వంటిల్లే చూస్తున్నా. అందుకే మెసేజ్ పెడితే బొటనవేలు గుర్తు పెట్టి వదిలేస్తావని ఇలా పొడుగ్గా రాస్తున్నా, మధ్యలో తిట్లు కూడా ఉంటాయి, మొత్తం చదువు.

తేలికవి ముందు చెప్పేస్తా. చేతులు సబ్బుతోనే కడుక్కోవాలి, శానిటైజర్ రుద్దుకుంటే క్రిములు చస్తాయేమో గానీ పల్లీ మరక అక్కడే ఉంటుంది. బాగా వేయిస్తే పల్లీ ప్రభావం పోతుందిలే అనుకోకు, వేయిస్తే ఇంకా పెరుగుతుంది. లాక్టోస్ లేని పాలు అని డబ్బా మీద ఉంటే అవి పాలు అరగని వాళ్ళకి, వాటిలో తీసేసేది చక్కెర, పాప గొడవంతా ప్రోటీన్‌తో, అది అందులో అలాగే ఉంటుంది. ఆవు పాలు కాకపోతే మేక పాలు పట్టమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు చూడు, ఆవు పాల అలర్జీ ఉన్న పిల్లల్లో నూటికి తొంభై మందికి మేక పాలతో కూడా అదే పని అవుతుంది, కాబట్టి సరేనని తలూపి ఊరుకో. పాలు మానేసిన పిల్లకి కాల్షియం ఎక్కడి నుంచి వస్తుందో డాక్టర్ని అడిగి రాసుకో.

లేబుల్ మూడు సార్లు చదవాలి, కొనేటప్పుడు, సర్దేటప్పుడు, విప్పేటప్పుడు. పోయిన నెల కొన్నదే కదా అనకు, కంపెనీ వాడు లోపల ఏం మార్చాడో నీకు ఫోన్ చేసి చెప్పడు. కేసిన్ (casein) అని ఉన్నా, వే (whey) అని ఉన్నా పాలే. అమెరికాలో తప్పనిసరిగా లేబుల్ మీద చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు 9, అందులో నువ్వులు 2023 జనవరి నుంచి చేరాయి, యూరప్‌లో అయితే 14, అంటే ఒక దేశం ప్యాకెట్ చదివిన అలవాటుతో ఇంకో దేశం ప్యాకెట్ చదివితే పొరపాటు పడతాం. ఇక "ఉండే అవకాశం ఉంది" (may contain) అనే లైను చాలా చోట్ల కంపెనీ ఇష్టం మీద రాసేది, అది లేనంత మాత్రాన లోపల లేదని కాదు. ప్యాకెట్‌లోది డబ్బాలో పోసేటప్పుడు లేబుల్ ముక్క కత్తిరించి డబ్బాకి అంటించు, నెల తర్వాత ఏ పొడి ఏదో నీకే తెలీదు.

మిక్సీ జార్ సంగతి చెప్పాలి. నేను రోజూ సబ్బు పెట్టి తోమేదాన్ని, కళ్ళకి తళతళ మెరిసేది. ఒకరోజు బ్లేడు లూజైందని కింద మరలు తిప్పి తీస్తే రబ్బరు వాషర్ కింద గోధుమ రంగు ముద్ద, గోరుతో గీకితే వచ్చింది, వాసన చూస్తే పల్లీ. ఎన్ని నెలల నాటిదో! అదే జార్‌లో మీ బావకి రోజూ రుబ్బి పెట్టాను. ఆ రోజే జార్ మార్చేశా, చెక్క గరిటెలు మార్చేశా, జల్లెడ మార్చేశా. నువ్వు కూడా మార్చు, డబ్బులు చూసుకోకు. వేపుడు చేసిన నూనె మళ్ళీ వాడొద్దు, అందులో ముందు ఏం వేగిందో నూనె చెప్పదు.

పాపకి వేరేగా, మిగతా వాళ్ళకి వేరేగా వండుతానని మాత్రం అనకు. ఒకే వంట, అందరికీ అదే. నలభై మందీ ఒక్క పూట పాలు, పల్లీలు లేకుండా తింటే ఏమీ అయిపోరు, కేక్ కూడా పాలు లేనిదే చెయ్యి. ఒకే స్టవ్ మీద రెండు రకాలు ఉడుకుతుంటే గరిటె ఇందులోంచి అందులోకి పోవడానికి ఒక్క క్షణం చాలు, అదొకటి. ఇంకోటి ఉంది. మీ బావకి నేను ఒక ఎర్ర గిన్నె పెట్టాను, వాడికి మాత్రమే, ఎవరూ ముట్టుకోకూడదని. చాలా తెలివైన పని చేశాననుకున్నా. వాడికి ఏడేళ్ళప్పుడు ఆ గిన్నె కనిపించకుండా పోయింది, ఇల్లంతా వెతికితే బీరువా వెనక సందులో దొరికింది, వాడే దాచాడు. ఎందుకురా అంటే "అది చూస్తే అందరూ ఏమైంది ఏమైంది అని అడుగుతారు" అన్నాడు. తిట్టబోయి ఆగిపోయా. ఆ నెల నుంచి మా ఇంట్లో పల్లీ అనేదే లేదు, గిన్నెలన్నీ అందరివీ.

సరే, ఇప్పుడు అసలు చెప్పాల్సింది. మీ మామయ్యకి తప్ప దీన్ని పూర్తిగా ఎవరికీ చెప్పలేదు, మీ నాన్నకి సగమే తెలుసు.

అప్పుడు మీ బావకి ఐదేళ్ళు. మా తోడికోడలు వాళ్ళింట్లో అందరం కలిశాం. వంట ఆవిడే చేస్తోంది, నేను వంటింటి గుమ్మంలో నిలబడి "అక్కా, వీడికి పల్లీలు పడవు" అన్నా. అంతే అన్నా. ఆవిడ "సరేలే" అంది. మన మాటల్లో చూడు, మీ మామయ్యకి వంకాయ పడదు, మా అత్తగారికి చల్లనివి పడవు, ఇద్దరు మాట్లాడుకోకపోయినా వాళ్ళకీ వీళ్ళకీ పడదు అంటాం. గ్యాస్ వచ్చినా పడదే, జలుబు చేసినా పడదే, ప్రాణం పోయేదానికీ అదే మాట. ఆవిడ పాపం గ్యాస్ అనుకుంది. పల్లీలు కనబడేలా ఎక్కడా వెయ్యలేదు, కూర పల్చగా ఉందని ఒక్క స్పూను పల్లీ పొడి కలిపింది, అంతే. మంది ముందు ఇంకా గట్టిగా చెబితే "కొడుకుని మరీ సుకుమారంగా పెంచుతోంది" అంటారేమోనని నాకు మొహమాటం. అదిరా, పల్లీ కాదు, నా మొహమాటం.

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో "అమ్మా, నాలుక మీద వెంట్రుక ఉంది" అన్నాడు. నోరు తెరిచి చూశా, ఏం లేదు. మళ్ళీ "ఉంది" అంటాడు. చిన్నపిల్లలు దురదని అలా చెబుతారని నాకప్పుడు తెలీదు. తర్వాత వాంతి. నాకు చెప్పడానికే సిగ్గుగా ఉంది, వాంతి అయితే సంతోషించా, తిన్నది బయటికి వచ్చేసింది కదా అని. మెడ మీద దద్దుర్లు లేస్తుంటే అలర్జీ సిరప్ పట్టా, పావుగంటకి దద్దుర్లు కొంచెం తగ్గినట్టే అనిపించాయి, అమ్మయ్య అనుకుని పడుకోబెట్టా. పడుకుని దగ్గుతున్నాడు. గొంతు బొంగురుపోయింది. ఏడ్చాడు కదా అందుకే అనుకున్నా.

డాక్టరు అంతకు ఆరు నెలల ముందే ఇంజెక్షన్ పెన్ రాసిచ్చారు, అడ్రినలిన్‌ది. అది ఎక్కడుందో తెలుసా? ఆ గదిలోనే, తలుపు వెనక తగిలించిన నా సంచిలో. నాకు గుర్తుంది కూడా. లేచి వెళ్ళి జిప్పు తీశా, పెన్ చేతిలోకి తీసుకున్నా, మళ్ళీ లోపల పెట్టేశా. అంత చిన్నపిల్లాడి తొడలో సూది గుచ్చాక అనవసరం అని తేలితే? గుండెకేమైనా అయితే? అందరూ చూస్తున్నారు, ఇంత రాద్ధాంతం చేస్తుందా అనుకుంటే? మీ మామయ్య వచ్చి లేపి నిలబెట్టేసరికి వాడు మెడ వాల్చేశాడు. పెదాలు తెల్లగా అయిపోయాయి. అప్పుడు పరిగెత్తాం. అక్కడ వాళ్ళు వేసింది ఏంటనుకున్నావ్, అదే మందు, అదే తొడకి. నా సంచిలో ఉన్నదే. కొన్ని నిమిషాల్లో రంగు వచ్చింది. నర్సు అడిగింది, "మీ దగ్గర పెన్ లేదా అమ్మా" అని. లేదన్నాను రా. సంచి భుజానికే ఉంది.

అందుకే ఇది వంద సార్లు చెబుతా, విసుక్కోకు. సిరప్ దురదకి, దద్దుర్లకి. శ్వాసకీ బీపీకీ పనికొచ్చేది పెన్. ఊపిరి కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, ఆగకుండా దగ్గినా, వాలిపోయినా, లేకపోతే దద్దుర్లూ వాంతులూ రెండూ కలిసి వచ్చినా, ముందు పెన్, తర్వాతే ఆలోచన. తొడ బయటి వైపు మధ్యలో, బట్టల మీద నుంచే వెయ్యొచ్చు. వేశాక పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టు, వాంతి అవుతుంటే పక్కకి తిప్పు, లేపి నిలబెట్టొద్దు, నడిపించొద్దు, మేం చేసిన ఆ తప్పు అందరూ చేసేదే. వెంటనే అంబులెన్స్. ఐదు నిమిషాలైనా తేరుకోకపోతే రెండోది, అందుకే ఎప్పుడూ రెండు పెన్‌లు ఉండాలి. తేరుకున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చు. పెన్ ఫ్రిజ్‌లో పెట్టకు, ఎండలో కారులో వదిలెయ్యకు. సూది లేని ట్రైనర్ పెన్ ఉంటుంది, నువ్వూ మీ ఆవిడా మీ నాన్నా ముగ్గురూ తొడ మీద నొక్కి చూసుకోండి, చెయ్యి వణకడం పోవాలి. మీ పాప బరువుకి ఏ డోసో, ఏ లక్షణానికి ఏం చెయ్యాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించు.

ఇక వచ్చే వాళ్ళకి ఏం చెప్పాలి. పడదు అనకు. "పాప పల్లీ తింటే ఊపిరి ఆగిపోతుంది" అని చెప్పు, ఉన్నది ఉన్నట్టు. మొదటిసారి అన్నప్పుడు అవతలి వాళ్ళ మొహం మారుతుంది, మారనీ. ఎవరూ తినేవి తేవొద్దని ముందే చెప్పు, తెస్తే థాంక్యూ చెప్పి పైన పెట్టెయ్. వచ్చిన పిల్లలందరి చేత గుమ్మంలోనే చేతులు కడిగించు. ముద్దులు పెట్టేవాళ్ళు ఉంటారు చూడు, తిన్న నోటితో బుగ్గ మీద, వాళ్ళని కాస్త ఆపు. ఇంకోటి, ఆ రోజు నువ్వు వంటవాడివి, పాపని కనిపెట్టుకుని ఉండే మనిషి వేరే ఉండాలి, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకూడదు, పెన్ వాళ్ళ నడుముకే ఉండాలి. రెండూ నేనే చూసుకుంటా అన్నావో, ఊరుకోను.

ఫోన్‌లో మీ నాన్న ఇంకో మాట అన్నాడు, అమ్మాయి "నేను కడుపుతో ఉన్నప్పుడు పల్లీలు తిన్నందుకేనా" అని ఏడుస్తోందని. ఆ పిచ్చి మాట మాన్పించు, తినడం వల్ల వచ్చిందని ఎవరూ తేల్చలేదు. నాకైతే రివర్స్‌లో చెప్పారు. 2000లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు అలర్జీ రిస్క్ ఉన్న పిల్లలకి మూడేళ్ళ దాకా పల్లీలు పెట్టొద్దన్నారు, నేను నోట్లో గింజ పడకుండా కాపలా కాశా, అయినా వచ్చింది. 2008లో వాళ్ళే, ఆలస్యం చేస్తే లాభమని చెప్పే ఆధారం లేదన్నారు. 2015లో 640 మంది పసివాళ్ళ మీద చేసిన స్టడీ వచ్చింది, నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య పల్లీ పెట్టడం మొదలుపెట్టిన వాళ్ళలో అలర్జీ నూటికి ఎనభై వంతులు తగ్గిందని. పేపర్లో అది చదివి మీ మామయ్య చూడకుండా బాత్రూంలో కూర్చుని ఏడ్చా. చెప్పిన మాట విన్నందుకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలి చెప్పు. అందుకే రెండో బిడ్డ పుట్టగానే దీని గురించి డాక్టర్ని అడుగు, నీ అంతట నువ్వు మొదలుపెట్టకు, పాప ఉన్న ఇంట్లో అది ఎక్కడ, ఎలా పెట్టాలో వాళ్ళే చెప్పాలి, గింజలు గింజలుగా అయితే అసలొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. అలాగే రక్త పరీక్షలో ఇరవై పదార్థాలకి పాజిటివ్ వచ్చిందని ఇరవైనీ మాన్పించేవాళ్ళు ఉన్నారు, పరీక్షలో కనబడినంత మాత్రాన తింటే రియాక్షన్ వస్తుందని కాదు. పాల అలర్జీ చాలామంది పిల్లల్లో పెద్దయ్యాక పోతుంది, పల్లీది ఐదుగురిలో ఒకరికి పోతుందంటారు, మీ బావ ఆ ఒకడు కాదు.

వాడు కూడా పుట్టినరోజుకి వస్తానంటున్నాడు, ముందు రోజే వచ్చి నీతో కూరలు తరుగుతాడంట. ఒక మాట, వాడు ప్రతి గిన్నె దగ్గరా ఆగి ఇందులో ఏముంది అని అడుగుతాడు, ఖాళీ ప్యాకెట్ చూపించమంటాడు, నువ్వు చేసిందే అయినా సరే. ఏమనుకోకు. ప్యాకెట్లు ఏవీ పారేయకుండా ఒక కవర్‌లో ఉంచు.

ఇది చదవడం అయ్యాక లేచి వెళ్ళి పెన్‌లు రెండూ చేత్తో పట్టుకుని చూడు. ఎక్కడున్నాయో, మీద ఏ తేదీ ఉందో ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. బొటనవేలు గుర్తు పంపితే మాత్రం పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తా.

మీ అత్త