నెల్లూరు, ఒంగోలులో బీఐ గ్రూపు కట్టాలంటే స్పీకర్లను వెతక్కండి, ఒక వ్యాపారిని వెతకండి

"నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఉంటూ పవర్ బీఐ, టాబ్లో మీద పనిచేసేవాళ్లు నెలనెలా కలుసుకునేలా ఒక గ్రూపు కట్టడం సాధ్యమేనా? స్పీకర్లు, హాలు, స్పాన్సర్లు ఎలా దొరుకుతారు?" అని ఒకరు అడిగారు. వ్యాపారం డేటాను రిపోర్టులుగా, చార్టులుగా మార్చే బీఐ (బిజినెస్ ఇంటెలిజెన్స్) సాఫ్ట్‌వేర్లు ఇవి.

సాధ్యమే. మనుషులకు కొదవ లేదు. 2020 లాక్‌డౌన్‌లో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి పెట్టె సర్దుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లలో నేనూ ఒకడిని. మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, పొదలకూరు రోడ్డు, నెల్లూరులో ఏ వైపు వెళ్లినా మేడ మీద గదిలో మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా అమెరికా క్లయింటుకు రిపోర్టులు చేసే మనిషి ఒకరుంటారు. పక్క వీధిలో ఇంకొకరు అదే డాక్స్ (పవర్ బీఐలో లెక్కలు రాసే భాష) ఫార్ములాతో తల పట్టుకుంటున్నారని మాత్రం ఇద్దరికీ తెలియదు. వీళ్లను ఒక గదిలో కూర్చోబెట్టడం పెద్ద పని కాదు. రెండో నెల కూడా వచ్చేలా చేయడమే అసలు పని.

స్పీకర్లు, స్పాన్సర్ల దగ్గర మొదలుపెట్టిన గ్రూపు ఏదీ మన ఊళ్లలో నిలబడటం నేను చూడలేదు. హైదరాబాద్ నుంచి ఎవరో ఆన్‌లైన్‌లో వచ్చి కొత్త ఫీచర్ల మీద స్లైడ్లు చూపిస్తారు. పవర్ బీఐ డెస్క్‌టాప్ నెలనెలా అప్‌డేట్ అవుతుంది కాబట్టి ఆ స్లైడ్లకు అంతు ఉండదు. కానీ అవన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. దానికోసం ఆదివారం స్నానం చేసి, బండేసుకుని ఎవరు వస్తారు? మన ఊళ్లో మాత్రమే దొరికేది ఒకటుంది. అది మన ఊరి వ్యాపారం లెక్క. దాన్ని మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోండి, జనం వాళ్లే వస్తారు.

మా గ్రూపుకు ప్రాణం పోసింది ఒక రొయ్యల మేత డీలరు. ఇందుకూరుపేట వైపు ఆయన దుకాణం, మాలో ఒకతనికి మేనమామ వరస. మేత, మందులు రైతులకు అప్పు మీద ఇస్తాడు, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక వసూలు చేసుకుంటాడు. ఇక్కడ ఈ వ్యాపారం నడిచేదే అట్లా. ఖాతాల సాఫ్ట్‌వేర్ టాలీలోంచి ఎక్సెల్‌లోకి దించిన ఫైలు, ఏ గుంటలో (రొయ్యల చెరువులో) సీడ్, అంటే రొయ్య పిల్ల, ఎప్పుడు వేశారో గుమాస్తా రాసిపెట్టిన ఇంకో షీటు, రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక ఆదివారం పొద్దున్నే వచ్చాడు. మేం కూర్చునేది ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీది గదిలో. ప్రొజెక్టర్ లేదు, గోడకు ఒక టీవీ ఉంది.

ఆయన అడిగింది ఒకే ఒక్కటి. "ఏ గుంట ఎప్పుడు పట్టుబడికొస్తాదో, ఆ రైతు దగ్గర నాకెంత రావాల్నో రెండూ ఒక్కచోట కనపడాలబ్బయా. సరుకు లారీ ఎక్కినాక తెలిస్తే నాకేం లాభం?"

మావాళ్లలో ఒకరు చకచకా ఫైళ్లు లోడ్ చేసి, గుంట నంబరు మీద రెండు షీట్లనూ కలిపి, నెలవారీ మేత అమ్మకం బార్లు గీసి చూపించారు. చూడ్డానికి బాగానే ఉంది. అంతలో వెనక కూర్చున్న డిగ్రీ ఫైనలియర్ అమ్మాయి లేచింది. వాళ్లది విడవలూరు, నాన్న రొయ్యలు సాగు చేస్తాడు. "అన్నా, ఈ గుంటలో సీడ్ వేసింది జూన్ ఆఖర్లో అని ఉంది. మేత మాత్రం మే నెలలోనే వెళ్లినట్టు చూపిస్తోంది. రొయ్య పిల్లే లేని గుంటకి మేతెందుకు?" అంది.

డీలరు కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరికొచ్చాడు. "మే నెల్లో నేను మేత యాడిచ్చా? ఆ గుంటలు అప్పుడు ఎండబెట్టుకోనుండారు" అన్నాడు.

సంగతేమిటంటే, ఎక్సెల్‌లోకి తేదీలు టెక్స్ట్‌గా దిగాయి. లోడ్ చేసిన లాప్‌టాప్ అమెరికా క్లయింటు పని కోసం యూఎస్ సెట్టింగ్‌లో ఉంది, అందులో నెల ముందు, తేదీ తర్వాత. మన 05/07 జులై 5. ఆ లాప్‌టాప్‌కు అది మే 7. ఇంతవరకు చాలామందికి తెలిసిన ఇబ్బందే. దాని వెనక ఇంకోటి దాక్కుని ఉంది. 13/07 లాంటి తేదీలు వచ్చినప్పుడు పదమూడో నెల లేదు కాబట్టి అవి ఎర్రర్లుగా పడ్డాయి. ఆ ఎర్రర్ల వరసలను రిమూవ్ ఎర్రర్స్ కొట్టి తీసేసి ఉన్నారు. అంటే ప్రతి నెలా 13వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఇచ్చిన మేత, దాని మీద రావాల్సిన బాకీ, మొత్తం రిపోర్టులోంచి మాయం. బార్లు మాత్రం అందంగా నిలబడి ఉన్నాయి.

పవర్ బీఐలో డేటాను లోడ్ చేసి సరిచేసే భాగం పవర్ క్వెరీ. అందులో చేంజ్ టైప్ కింద యూజింగ్ లొకేల్ అని ఉంటుంది. అక్కడ ఇంగ్లిష్ ఇండియా ఎంచుకుంటే సరిపోయింది. మళ్లీ రిఫ్రెష్ కొట్టగానే మే నెల బారు ఖాళీ అయింది, జులై, ఆగస్టు బార్లు పైకి లేచాయి. డీలరు మొత్తం బాకీ అంకె చూసి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి సరిచూసుకుని, "ఇప్పుడు నా లెక్కకొచ్చింది" అన్నాడు.

పదేళ్లుగా బీఐ చేస్తున్నవాళ్లకు ఆ గదిలో కనపడని తప్పు ఆ అమ్మాయికి కనపడింది. ఆమెకు డాక్స్ ఒక్క ముక్క రాదు, కానీ రొయ్య తెలుసు. ఆ రోజే నాకు ఖాయమైపోయింది. మన జిల్లాల్లో ఈ రంగం పెరిగితే సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ల వల్ల కాదు, వాళ్ల పక్కన గుంట తెలిసినవాళ్లు, మిల్లు తెలిసినవాళ్లు కూర్చోవడం వల్లే పెరుగుతుంది. అందుకే మీ గ్రూపులో సగం మంది ఐటీ బయటివాళ్లు ఉండి తీరాలంటాను.

డీలరు అంతటితో వదల్లేదు. రైతుల సరుకు సగటు కౌంట్ ఎంత పడిందని అడిగాడు. తెలియనివాళ్లకు చెబుతున్నా, కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నది. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. మాలో ఒకతను కౌంట్ కాలమ్‌కు యావరేజ్ పెట్టేశాడు. ఒక సీనియర్ ఆపి, బోర్డు మీద లెక్క రాశాడు. 50 కౌంట్ సరుకు 500 కిలోలు, 100 కౌంట్ సరుకు 1,500 కిలోలు అనుకోండి. మామూలు సగటు 75 అని చెబుతుంది. రొయ్యలు లెక్కపెట్టండి. 25,000 ఒకటి, 1,50,000 ఒకటి, మొత్తం 1,75,000. దాన్ని 2,000 కిలోలతో భాగిస్తే 87.5. కొనేవాడు 75 కౌంట్ ధర ఇస్తాడా మరి? ఒక్కో వరస లెక్కకట్టి కూడే సమ్ఎక్స్ ఎందుకుందో, కాలమ్‌కీ మెజర్‌కీ (రిపోర్టులో అప్పటికప్పుడు వేసే లెక్కకీ) తేడా ఏమిటో ఎన్ని వీడియోలు చూసినా అర్థంకాని పిల్లలకు అది పది నిమిషాల్లో ఎక్కింది.

తర్వాత లక్షల గొడవ వచ్చింది. పెద్ద అంకెలను కుదించి చూపే పవర్ బీఐ డిస్‌ప్లే యూనిట్లలో థౌజండ్స్, మిలియన్స్, బిలియన్స్ ఉన్నాయి, లక్షలు, కోట్లు లేవు. "ఒకటి పాయింట్ మూడు ఎమ్ అంటే ఎంతబ్బయా?" అని అడిగాడాయన. ఫార్మాట్ స్ట్రింగ్ (అంకె ఎలా కనపడాలో చెప్పే కోడ్) రాసి 13 లక్షలు అని చూపించేదాకా ఆ పేజీ ఆయనకు తనదిగా అనిపించలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతమంది భారతీయులు వాడే టూల్‌లో లక్ష అనే మాట కోసం కోడ్ రాసుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఒక నియమం మాత్రం మొదటి రోజునుంచే పెట్టుకోండి. పేర్లు తెర మీదికి రాకూడదు. ఇది చిన్న ఊరు. గదిలో ఉన్న ఇరవై మందిలో ఒకరికి ఆ రైతు పెదనాన్న అవుతాడు, ఇంకొకరికి వియ్యంకుడు. ఫలానా ఆయనకు ఇంత బాకీ ఉందని టీవీలో కనపడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, రేపు ఇంకే వ్యాపారీ మీ గుమ్మం తొక్కడు. మేం ఫైలు తెరవకముందే పేర్లు తీసి నంబర్లు పెడతాం. అసలు పేర్ల జాబితా వ్యాపారి దగ్గరే ఉంటుంది. మీటింగ్ అయ్యాక ఫైలు ఆయన కళ్ల ముందే డిలీట్ చేస్తాం. ఇక కంపెనీ డేటా సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆఫీసు లాప్‌టాప్ తెస్తే మూసి సంచిలో పెట్టించండి.

ఇంకో ప్రమాదం ఇన్‌స్టిట్యూట్లు. గ్రూపు కాస్త నిలబడగానే "హాలు మేమిస్తాం, టిఫిన్ మేం పెడతాం" అని వస్తారు. ఒకరు అలాగే వచ్చి, వాట్సాప్ గ్రూపులోంచి పిల్లల నంబర్లు తీసుకుని, వంద శాతం ప్లేస్‌మెంట్ అంటూ వాళ్ల ఇళ్లకు ఫోన్లు చేశారు. పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టడానికి సిద్ధపడిన తండ్రిని మేం వెళ్లి ఆపాల్సి వచ్చింది. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, టాబ్లో పబ్లిక్ ఉచితం, నేర్చుకోవడానికి పాఠాలు ఉచితం. దీనికి పొలం ఎందుకు తాకట్టు పెట్టాలి? అలాగే పీఎల్-300 (మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ సర్టిఫికెట్) పరీక్ష డంపులు, అంటే బయటికొచ్చిన ప్రశ్నలు, పంచుకునే అడ్డాగా గ్రూపును మారనివ్వకండి. పరీక్ష రాయడం మంచిదే. కంఠస్థం చేసి పాసైన పిల్లాడికి ఇంటర్వ్యూలో ఫిల్టర్ కాంటెక్స్ట్ (ఒక లెక్క ఏయే వరసల మీద జరుగుతోందన్నది) అడిగితే చెమటలు పడతాయి, అది చూడలేం.

ఇంగ్లిష్ పాఠాల్లో ఉండే ఉదాహరణలన్నీ అమెరికా కుర్చీలు, బల్లలు అమ్మే కొట్లవి. మన దగ్గర అంతకంటే గట్టి ఉదాహరణలు ఉన్నాయి. కందుకూరు తీసుకోండి. 1970లో కొత్త జిల్లా ఏర్పడక ముందు అది నెల్లూరు జిల్లాలో ఉండేది. తర్వాత ప్రకాశం. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరు. జిల్లా పేరు మీద గ్రూప్ చేసి 2021నీ 2023నీ పోల్చి "ప్రకాశంలో సాగు పడిపోయింది" అని రాసేస్తే, పడిపోయింది సాగు కాదు, సరిహద్దు జరిగింది. టైప్ 2 డైమెన్షన్ (పాత వివరం, కొత్త వివరం రెండూ తేదీలతో సహా దాచుకునే టేబుల్) ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం లేదు. ధాన్యం ఫైలు తెస్తే ఒక కాలమ్‌లో క్వింటాళ్లు, ఇంకోదాంట్లో పుట్లు ఉంటాయి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. స్థలాల ఫైలైతే అంకణాలు. ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వెళ్తే 36. యూనిట్ల టేబుల్ విడిగా ఎందుకు పెట్టుకోవాలో వేరే చెప్పాలా?

ఇక మీరు అడిగిన హాలు సంగతి. హోటళ్లు వద్దు. ట్యూషన్ సెంటర్లు ఆదివారం ఖాళీగా ఉంటాయి, అడిగితే ఇస్తారు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించండి. ఆత్మకూరు, ఉదయగిరి నుంచి వచ్చే ఆడపిల్లలు పగటి బస్సుకే ఇల్లు చేరగలగాలి. సాయంత్రం పెట్టిన మీటింగులకు వాళ్లు రాలేరు, రానివాళ్లకు ఆసక్తి లేదని మనం అనేసుకుంటాం. మాట్లాడేది తెలుగులోనే. ఒంగోలువాళ్లూ నెల్లూరువాళ్లూ కలవాలంటే మధ్యలో కావలి ఉంది, రెండు వైపుల నుంచీ రైలుంది. బయట ఊళ్లలో ఉన్నవాళ్లను పట్టుకోవాలంటే సంక్రాంతి, లేదంటే బారాషహీద్ దర్గా రొట్టెల పండగ. ఆ రోజుల్లో అందరూ ఇంటికొస్తారు, ఒక పూట అడిగితే కాదనరు. రిపోర్టులు ఆన్‌లైన్‌లో పంచుకునే పవర్ బీఐ సర్వీస్‌లో అకౌంట్‌కు జీమెయిల్ పనికిరాదు, ఆఫీసుదో కాలేజీదో మెయిల్ కావాలి. దానికోసం ఆగకండి. డెస్క్‌టాప్‌లో చేసి ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే వ్యాపారికి చాలు.

మీరు ఒంగోలు వైపు వారైతే మీ పని ఇంకా సులువు. టంగుటూరులోనో కొండపిలోనో పొగాకు అమ్మిన రైతు ఇంట్లో వేలం చీటీలు కట్టకట్టి ఉంటాయి. బేళ్ల బరువు, గ్రేడు, ధర అన్నీ అందులో ఉంటాయి. ఏ వారంలో ఏ గ్రేడుకు ఎంత పలికింది, ఎన్ని బేళ్లు నోబిడ్ అయి (ఎవరూ పాడక) తిరిగొచ్చాయి, రానుపోను కిరాయి ఎంతైంది అని అడిగి చూడండి, ఆయనే మీకు ఇంకో పది ప్రశ్నలు ఇస్తాడు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ యార్డు నడిపే చుట్టమెవరైనా ఉంటే బ్లాకుల రిజిస్టరు అడగండి. ముందు ఒక్కరిని ఒప్పించండి, హాలు తర్వాత చూసుకోవచ్చు. ఆ చీటీలు ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు తేదీ కాలమ్ దగ్గర ఆగిపోతే ఇక్కడే కామెంట్‌లో రాయండి, చూసి చెబుతాను.