‘విభేదిస్తున్నాను’ అనాలా, ‘కాకపోతే’ అనాలా?

సందేహం: మాది అనంతపురం. రైతులకు విత్తనాలు సరఫరా చేసే సంస్థలో పనిచేస్తున్నాను. మా ఆఫీసులో మెయిళ్ళు చాలావరకు తెలుగులోనే రాసుకుంటాం. జులై మొదటి వారంలో రైతు సమావేశం పెడదామని మా మేనేజరుగారు రాస్తే, ‘మీ ప్రతిపాదన విషయంలో నేను మీతో విభేదిస్తున్నాను’ అని జవాబిచ్చాను. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ‘ఏకీభవించడం లేదు’ అని రాసి ఉంటే బాగుండేదా? ఇంకోసారి ఆయన పంపిన ఖర్చుల పట్టికకు ‘ఆమోదిస్తున్నాను’ అని రాస్తే పక్క సీటాయన నవ్వాడు. అందులో తప్పేముంది?

— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, రెండు రోజులతో సరిపెట్టారంటే మీ మేనేజరుగారు మంచివారే. ‘భేదించు’ అనగానే నాకు కోటగోడలు, పద్మవ్యూహం గుర్తొస్తాయి. ‘వాళ్ళ మధ్య విభేదాలు వచ్చాయి’ అంటే ఇబ్బంది లేదు, ఎప్పటినుంచో అంటున్నదే. దాన్ని క్రియగా మార్చి, ఎదుటి మనిషికి తగిలించి ‘మీతో విభేదిస్తున్నాను’ అనడం మాత్రం ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకుని తెలుగు రాసేవాళ్ళ అలవాటు. ఈమధ్య దీనికి ముందొక పూలదండ కూడా వేస్తున్నారు: ‘మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే’ అని. గౌరవిస్తూ బద్దలు కొట్టడమేమిటో! సరే, పత్రికలూ టీవీలూ కలిసి ఈ మాటను ఊరంతా తిప్పేశాయి కాబట్టి తప్పు అని గట్టిగా అనే ధైర్యం నాకు లేదు. ఆఫీసు ఉత్తరంలో నేనైతే రాయను.

‘ఏకీభవించు’ అంటే ఒకటి కానివి ఒకటి కావడం. న్యాయమూర్తులకు, కమిటీ సభ్యులకు, అంటే సమాన హోదాలో కూర్చున్నవాళ్ళకు నప్పే మాట. ‘ఏకీభవించడం లేదు’ అని రాస్తే తప్పు లేదు గానీ తీర్పు చదివినట్టుంటుంది.

అసలు విషయానికి వస్తాను. ఒప్పుకోడానికీ కాదనడానికీ తెలుగువాడు సంస్కృతం దగ్గరికి వెళ్ళాల్సిన పనే లేదు. ఆ రెండు పనులకూ, ఆ రెండిటి మధ్య ఉన్న వంద మెట్లకూ సరిపడే ధాతువు ఒకటి మన ఇంట్లోనే ఉంది. అది ‘అగు’. ‘అవును’ అంటే ‘అగును’. ‘కాదు’ దాని వ్యతిరేక రూపం. ఇంతవరకూ బడిలో చదువుకున్నదే. తర్వాతది చూడండి. ‘కాని’, ‘అయితే’, ‘అయినా’, ‘కాకపోతే’, ‘కావచ్చు’, ‘కాబోలు’, ‘కాబట్టి’ అన్నీ ఆ తల్లి పిల్లలే. ‘కానీ’ మరీ చిత్రం. ‘వెళ్తాను కానీ’ అంటే అభ్యంతరం. ‘ఊఁ, కానీ’ అంటే అనుమతి. రెండోది ‘కానిమ్ము’ నుంచి వచ్చింది. రాతలో రెండూ ఒకేలా ఉంటాయి, గొంతును బట్టి తెలియాల్సిందే.

ఇది మన ఒక్కరి సొత్తు కాదు. ‘అయితే’ అంటే అక్షరాలా ‘అట్లా అయిన పక్షంలో’. అభ్యంతరం చెప్పబోయే ముందు తమిళులు ‘ఆనాల్’ అంటారు, కన్నడిగులు ‘ఆదరె’ అంటారు. వాటికీ అక్షరాలా అదే అర్థం. అంటే అడ్డుచెప్పబోయేవాడు కూడా ముందు ‘నువ్వన్నట్టే అనుకుందాం’ అని ఒక అడుగు ఎదుటివాడి వైపు వేస్తాడు, ఆ తర్వాతే పక్కకు తిరుగుతాడు. మూడు భాషలవాళ్ళూ అడ్డుచెప్పే మాటలోనే ఒప్పుకోలు పెట్టుకున్నారు. నాకీ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

అందుకే ఆఫీసు రాతలో ఈ పిల్లల్ని ఒకరి చోట ఒకరిని కూర్చోబెట్టకూడదు. ‘మీరు చెప్పింది బాగుంది కానీ’ అని రాస్తే ‘బాగుంది’ అన్న మాట అక్కడే చచ్చిపోతుంది, చదివేవాడి కళ్ళు ‘కానీ’ మీద పడతాయి. ‘బాగుంది. అయితే’ అంటే ఆ మెప్పు నిలుస్తుంది. ‘కాకపోతే’ ఇంకా మెత్తన, ‘అంతా సరే, ఈ ఒక్కటే’ అని అభ్యంతరాన్ని చిన్నది చేస్తుంది. ‘అయినా’తో వాక్యం మొదలుపెడితే మాత్రం కొట్లాటే. ‘అయినా నాకెందుకులెండి’ అన్న మాటతో ఎన్ని కాపురాల్లో రభస మొదలైందో లెక్కలేదు. ‘కాదండీ, నాకు తెలీకడుగుతాను’ అని మొదలుపెట్టడం మాటల్లో చెల్లుతుంది, రాతలో ఆ నవ్వు కనపడదు, ‘కాదు’ ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ తిక్కనగారిని పిలవకుండా ఉండలేను. నెల్లూరు మనుమసిద్ధి దగ్గర మంత్రిగా చేసినవాడు, ఏలినవాడి ముందు కాదనడంలో ఉండే టెన్షన్ తెలిసే ఉంటుంది. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పిన పద్యం తెలియనిదెవరికి?

సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱిన దైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మ ని
స్తారక మయ్యు సత్యశుభదాయక మయ్యును దైవ ముండెడిన్

ధర్మాన్ని పాపం, సత్యాన్ని అబద్ధం చెరిపేస్తుంటే ఆపగలిగి కూడా ఊరుకున్నవాళ్ళు ఎవరైతే ఉన్నారో, అది వాళ్ళకే చేటు, ధర్మాన్నీ సత్యాన్నీ కాపాడటానికి దైవం ఉంది, అని. ఆపగలవాళ్ళంతా ఎదురుగానే ఉన్నారు. ధృతరాష్ట్రుడున్నాడు, భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు. కృష్ణుడు ‘మీరు’ అనలేదు. ‘దక్షు లెవ్వారలు’ అన్నాడు, ‘వారల చేటు’ అన్నాడు. పైగా దక్షులు, సమర్థులు అన్న బిరుదు కూడా ఇచ్చాడు! పేరు లేదు, వేలు చూపలేదు. తగలవలసినవాళ్ళకు తగిలింది. ఇప్పుడు మళ్ళీ చదివి ‘అగు’ రూపాలు లెక్కపెట్టండి: ఐన, అగు, కాని, అయ్యు, అయ్యును. నాలుగు పాదాల్లో అయిదు. కావాలని పెట్టాడనను. తెలుగులో నేర్పుగా మాట్లాడేవాడి నోట్లో ఈ ధాతువు ఇలా తిరుగుతూనే ఉంటుంది.

మీ ఉత్తరంలో ‘మీతో’ అన్నదే ముల్లు. మీ పేచీ ఆయనతో కాదు, జులై మొదటి వారంతో. వానొస్తే రైతు పొలంలో ఉంటాడు, సమావేశానికి రాడు, అంతే కదా? నేనైతే ఇలా రాసేవాణ్ణి: ‘నమస్కారమండి. రైతు సమావేశం పెట్టాల్సిందే. కాకపోతే జులై మొదటి వారానికి పదును దొరికితే అందరూ విత్తనాలు వేసే పనిలో ఉంటారేమో. మే నెలాఖరుకే పెట్టుకుంటే ఎలా ఉంటుందంటారు?’ ఇందులో ‘ఏమో’ను, ‘అంటారు’ను తీసేయకండి. ఆయన రైతు బిడ్డే అయితే మీరు అంతకూడా చెప్పనక్కర్లేదు.

‘మీ ఇష్టం’ అని మాత్రం ఎప్పుడూ రాయకండి. చూడటానికి ఒప్పుకోలు, వినడానికి తలుపు వేసిన చప్పుడు. ‘నోటెడ్ సర్’ గురించి నన్నడగకండి. చదివాడని తెలుస్తుంది, ఒప్పుకున్నాడో లేదో బ్రహ్మకు కూడా తెలియదు. మా తాతల కాలంలో ‘చిత్తం’ అనేవారు, అదే నయం.

ఇక పక్క సీటాయన నవ్వు. సంస్కృతంలో ఆమోదమంటే సంతోషం, దూరానికి వ్యాపించే పరిమళం కూడాను. తెలుగు ఆఫీసుల్లోకి వచ్చేసరికి అది సంతకం, రబ్బరు ముద్ర అయింది. పైవాడు కిందివాడి కాగితాన్ని ఆమోదిస్తాడు. మేనేజరు పట్టికను మీరు ఆమోదిస్తే నవ్వరూ మరి? ‘సరిగానే ఉందండి’ అంటే చాలు. మీరు ఆ ఖర్చుల కమిటీలో సభ్యురాలైతే మాట వేరు, అప్పుడు నవ్వినాయనదే తప్పు.