రాత్రి బ్రైట్‌నెస్ తగ్గించిన కొద్దీ తలనొప్పి పెరుగుతుంటే, ఒకసారి తెర ముందు పెన్ను ఊపి చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే రెండేళ్ల కిందటి నా సంగతే గుర్తొచ్చిందండీ. మీరు కొత్తగా ఓలెడ్ టాబ్లెట్ (తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) కొన్నారు. పగలు ఎంతసేపు చదివినా ఇబ్బంది లేదు. రాత్రి లైటు ఆర్పి, బ్రైట్‌నెస్ బాగా దించి చదివితే మాత్రం అరగంటకే కళ్ళు లాగుతున్నాయి, కణతల దగ్గర పోటు వస్తోంది. డాక్టరు సైటు మారలేదన్నారు, ఇంట్లోవాళ్లు భ్రమ అంటున్నారు. భ్రమ అని మీరు మాత్రం అనుకోకండి. నాకు అచ్చం ఇలాగే జరిగింది, కారణం ఆ తెరలోనే దొరికింది.

నేను ఇంట్లో కూర్చుని తెలుగు పుస్తకాలకు ప్రూఫులు చూస్తాను. ఒత్తులు, దీర్ఘాలు, సున్నాలు ఒక్కొక్కటీ పట్టి చూడాల్సిన పని. పాత ఎల్‌సీడీ టాబ్లెట్ (తెర వెనక లైటు ఉండే రకం) మీద ఏళ్ల తరబడి చేశాను. దాని బ్యాటరీ పోయాక ఓలెడ్‌ది కొన్నాను. బొమ్మ చాలా బాగుంది, నలుపు నిజంగా నలుపే. పిల్లలు పడుకున్నాకే నాకు పని కుదురుతుంది కాబట్టి బ్రైట్‌నెస్ ఇరవై శాతానికి దించుకునేదాన్ని. వారం తిరక్కుండానే తలనొప్పి మొదలైంది. డాక్టరు గారు కళ్ళు పొడిబారాయని చుక్కల మందు ఇచ్చారు. మంట తగ్గింది, తలపోటు తగ్గలేదు. వెలుతురు ఎక్కువైందేమోనని బ్రైట్‌నెస్ ఇంకా దించాను. నొప్పి ఇంకా పెరిగింది. అనుమానం వచ్చింది అక్కడే.

చాలా ఓలెడ్ తెరలు బ్రైట్‌నెస్ తగ్గించే పద్ధతి మనం అనుకునేలా ఉండదు. వెలుతురును సన్నం చేయవు, చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తుంటాయి. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. కొన్నిటిలో ఇది సెకనుకి 240 సార్లు, కొన్నిటిలో 480 సార్లు జరుగుతుంది. బ్రైట్‌నెస్ దించిన కొద్దీ వెలిగే సమయం తగ్గి, ఆరిపోయి ఉండే సమయం పెరుగుతుంది. మన కంటికి అది నిలకడైన మసక వెలుతురులాగే కనిపిస్తుంది. అంటే కళ్ళకు హాయిగా ఉంటుందని మనం రాత్రిపూట చేసే పనే ఈ తెరల మీద మినుకుమినుకును పెంచుతోంది.

కంటికి తెలియని మినుకుమినుకు నొప్పి ఎలా తెస్తుందని నేనూ అనుకున్నాను. పాత చోక్ ట్యూబ్‌లైటు గుర్తు తెచ్చుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ (అంటే సెకనుకి 50 సార్లు) కాబట్టి ఆ లైటు సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. లైటు నిలకడగానే ఉన్నట్టుంటుంది, కానీ దాని కింద ఫ్యాను ఆపితే రెక్కలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఇంగ్లండులో ఒక ఆఫీసులో ఇలాంటి ట్యూబ్‌లైట్ల మీద చేసిన పరిశోధన 1989లో అచ్చయింది. చాలా ఎక్కువ వేగంతో వెలిగే ఎలక్ట్రానిక్ చోక్ లైట్ల కింద తలనొప్పులు, కంటి అలసట సగానికి పైగా తగ్గాయి. 2015లో ఐట్రిపుల్‌ఈ అనే ఇంజనీర్ల సంస్థ ఎల్‌ఈడీ దీపాల కోసం ఇచ్చిన సిఫార్సు ప్రకారం, 1250 హెర్ట్జ్ దాటితే పూర్తిగా ఆరి వెలిగినా ముప్పు తక్కువే. అదే 240 హెర్ట్జ్ దగ్గరైతే వెలుతురులో హెచ్చుతగ్గులు సుమారు 19 శాతం లోపే ఉండాలి. అది తెరల కోసం రాసిన లెక్క కాదు గానీ, ఒక అంచనాకు నాకు బాగా పనికొచ్చింది.

ఇప్పుడు మీ టాబ్లెట్ సంగతి చూడండి. గదిలో లైట్లన్నీ ఆర్పండి. తెర మీద తెల్లటి పేజీ తెరిచి, బ్రైట్‌నెస్ మీరు రోజూ చదివే స్థాయికి దించండి. సన్నటి పెన్ను తెర ముందు అటూ ఇటూ వేగంగా ఊపండి. పెన్ను ఒకే మసక మరకలా సాగితే మినుకుమినుకు లేనట్టో, చాలా వేగంగా ఉన్నట్టో. విడివిడిగా పది పెన్నులు వరసగా ఉన్నట్టు కనిపిస్తే ఉన్నట్టే. నాకు విసనకర్ర పుల్లల్లా కనిపించాయి. పాత ఎల్‌సీడీ దాన్ని ఛార్జరుకు తగిలించి పక్కన పెట్టి ఊపితే మరకే కనిపించింది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్ వేగం 1/2000 సెకను దగ్గర పెట్టి తెరను ఫొటో తీసినా నల్లటి చారలు పడతాయి. ఆటో మోడ్‌లో తీసిన ఫొటోని మాత్రం నమ్మకండి.

పరీక్షలో మినుకుమినుకు కనబడితే, ముందు ఆటో బ్రైట్‌నెస్ ఆపండి. బ్రైట్‌నెస్ గీతను డెబ్భై, ఎనభై శాతానికి ఎత్తి, మసకను సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఎక్స్‌ట్రా డిమ్ అనే సెట్టింగు ఉంది. ఐప్యాడ్‌లో అయితే యాక్సెసిబిలిటీలో డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ కింద రెడ్యూస్ వైట్ పాయింట్ ఉంటుంది. ఇవి బొమ్మలోని తెలుపునే తగ్గిస్తాయి, ఆర్పి వెలిగించే తీరు ఎక్కువ బ్రైట్‌నెస్‌లో ఉన్నట్టే ఉంటుంది. రంగులు కాస్త వెలిసినట్టు ఉంటాయి. చదువుకోవడానికి అదేం అడ్డు కాదు. నాకు మొదటి రాత్రే తేడా తెలిసింది, వారానికి తలపోటు పోయింది. గదిలో లైటు ఆర్పకుండా టాబ్లెట్ వెనక గోడ మీద పడేలా ఒక దీపం పెట్టుకోవడం కూడా చాలా సాయం చేసింది. ఆ బల్బు కింద కూడా పెన్ను ఊపి చూడండి, చవక ఎల్‌ఈడీల్లో కొన్ని మినుకుమంటాయి.

నైట్ మోడ్‌లో పసుపు రంగు పెట్టినా తగ్గలేదన్నారు. తగ్గదండీ, అది రంగును మారుస్తుంది తప్ప మినుకుమినుకును ఆపదు. నీలికాంతిని ఆపే కళ్ళజోళ్లతో కంటి అలసట తగ్గకపోవచ్చని 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష కూడా తేల్చింది, వాటికి డబ్బు పెట్టకండి. 120 హెర్ట్జ్ తెర కదా అన్న ధైర్యం కూడా వద్దు. అది బొమ్మ మారే వేగం, ఈ ఆర్పి వెలిగించడం వేరు.

అందరికీ ఇలా అవ్వదు. మా ఆయన అదే టాబ్లెట్ మీద రాత్రంతా క్రికెట్ చూసినా ఏమీ అవ్వదు, అందుకే మొదట్లో నా మాట నమ్మలేదు. పెన్ను పరీక్షలో మరకే కనిపిస్తే మీ కారణం వేరే అన్నమాట. తదేకంగా చదివేటప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, అక్షరం చిన్నదైతే తెరను దగ్గరికి లాక్కుంటాం. తెలుగు ఒత్తులకైతే పేజీని పెద్దది చేసుకోవాల్సిందే. చూపు మసకబారినా, తలనొప్పి పగలు కూడా వస్తున్నా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మార్చుకునే వీలుంటే ఎల్‌సీడీ చూడండి. 2024 నుంచి వచ్చిన ఐప్యాడ్ ప్రోలు, గెలాక్సీ టాబ్ ఎస్9 మూడు సైజులూ ఓలెడ్‌వే. మామూలు ఐప్యాడ్, టాబ్ ఎస్9 ఎఫ్‌ఈ ఎల్‌సీడీవి. ఎల్‌సీడీల్లో కూడా కొన్ని పీడబ్ల్యూఎం వాడతాయి కాబట్టి షాపులో బ్రైట్‌నెస్ పూర్తిగా దించి పెన్ను ఊపాకే డబ్బు కట్టండి. మీది కొని ఎన్ని రోజులైందో రాయలేదు. వాపసు గడువు ఇంకా ఉంటే పరీక్ష ఈ రాత్రే చేసి, ఏం కనిపించిందో ఇక్కడ చెప్పండి.