పాత 386కు కొత్త మానిటర్: ఏ కార్డు, ఎక్కడ?

ప్రశ్న: మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేటప్పుడు 1991లో కొన్న 386 కంప్యూటర్ ఇంకా మా ఇంట్లో ఉంది. అప్పటి చిట్టా, ఆవర్జాలు అందులోనే ఉన్నాయి. ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ తిరుగుతున్న శబ్దం వస్తోంది గానీ నలుపు తెలుపు మానిటర్ కాలిపోయింది. ఎల్‌సీడీ మానిటర్ తగిలిద్దామంటే వెనుక సాకెట్‌కు 9 రంధ్రాలే ఉన్నాయి. ఏ వీడియో కార్డు కొనాలి? ఎక్కడ దొరుకుతుంది?
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి లోపల తెరకు బొమ్మ పంపుతున్నది హెర్క్యులెస్ తరహా మోనోక్రోమ్ (ఒకే రంగు) కార్డు అయి ఉండాలి. అదే కార్డు మీద, 9 రంధ్రాల సాకెట్ పక్కనే, ప్రింటర్ కేబుల్ తగిలించే 25 రంధ్రాల సాకెట్ కూడా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఈ కార్డు తెర మీద సెకనుకు సుమారు 18,400 గీతలు గీస్తుంది. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ పద్ధతిలో ఆ లెక్క సుమారు 31,500. ఎల్‌సీడీ మానిటర్లకు తెలిసినది ఈ రెండోదే. పైగా పాత కార్డు ఇచ్చేది 5 వోల్టుల డిజిటల్ సంకేతం, వీజీఏ మానిటర్ ఆశించేది 0.7 వోల్టుల అనలాగ్ సంకేతం. అందువల్ల 9 పిన్నులను 15 పిన్నులకు మార్చే చిన్న కనెక్టర్ ఎవరైనా అంటగట్టబోతే తీసుకోకండి. దానితో బొమ్మ రాదు సరికదా, మానిటర్‌కే హాని జరగవచ్చు.

మీకు కావలసినది 16 బిట్ ఐఎస్ఏ (ఆ కాలపు మదర్‌బోర్డు స్లాట్ రకం) వీజీఏ కార్డు. షాపులో "పాత గ్రాఫిక్స్ కార్డు" అని అడిగితే పీసీఐ కార్డో, ఏజీపీ కార్డో చేతిలో పెడతారు. అవి తర్వాతి తరానివి, మీ మదర్‌బోర్డులో పట్టవు. ఐఎస్ఏ స్లాట్ సాధారణంగా నల్లగా ఉంటుంది. పొడవైన భాగం ఒకటి, దాని వెంటే పొట్టి భాగం ఒకటి ఉంటాయి. చిప్ మీద ట్రైడెంట్ 8900 అని గానీ 9000 అని గానీ, లేదా సిరస్ లాజిక్, ఓక్, రియల్‌టెక్ అని గానీ ఉంటే సరిపోతుంది. సెంగ్ ఈటీ4000 వీటికంటే వేగమైనదే, కానీ పాత ఆటల అభిమానులు దాని కోసం పోటీపడతారు. పద్దులు చూసుకోవడానికి ఆ ఖర్చు దండగ. మీ పనికి 256 కిలోబైట్ల మెమరీ ఉన్న కార్డు చాలు.

అసలు చిక్కు కార్డు మార్చిన తర్వాత మొదలవుతుంది. పాత కార్డు తీసేస్తే దానితోపాటే ప్రింటర్ సాకెట్ కూడా పోతుంది. హార్డ్ డిస్క్ కేబుల్ తగిలించి ఉన్న మరో కార్డు మీద కూడా 25 రంధ్రాల సాకెట్ ఉందేమో చూడండి. ఉంటే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను అక్కడ తగిలించండి. బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) ప్రింటర్ పోర్టులను ఒక వరుసలో వెతికి, మొదట దొరికినదానికే ఎల్‌పీటీ1 అని పేరు పెడుతుంది కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియదు. అలాగని రెండు వీడియో కార్డులనూ ఉంచుకుందామని చూడకండి, ఎందుకంటే నేను కింద చెప్పబోయే చిట్కాకు పాత కార్డే అడ్డు వస్తుంది.

అప్పటి పద్దుల ప్రోగ్రాములు కొన్ని వేగం కోసం, కంప్యూటర్‌ను నడిపే డాస్‌ను పక్కనపెట్టి, అక్షరాలను నేరుగా వీడియో మెమరీలోనే రాసేవి. మోనోక్రోమ్‌లో ఆ చిరునామా బీ000, వీజీఏ రంగుల టెక్స్ట్‌లో బీ800. కాబట్టి డాస్ చక్కగా కనిపించి, మీ ప్రోగ్రాం తెరవగానే తెర ఖాళీ అయిపోతే కార్డు పాడైందని బెంగపడకండి. ప్రోగ్రాం తెరిచే ముందు డాస్‌లో "మోడ్ మోనో" అనే ఆదేశాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తే వీజీఏ కార్డు మోనోక్రోమ్ చిరునామాకు మారుతుంది. అయితే పెట్టె తెరిచినప్పుడు లోపల సీడ్యాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వారి జిస్ట్ కార్డు ఉంటే మాత్రం దాన్ని కదపవద్దు. డాస్ రోజుల్లో తెర మీద తెలుగు కనిపించింది ఆ కార్డు పుణ్యమే.

పెట్టె తెరిచే ముందు ప్లగ్గు తీసి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. యార్డులో పనిచేసిన కంప్యూటర్ కదా, కారం ధూళి ఏళ్ల తరబడి అందులోనే ఉండి ఉంటుంది. మొదట మదర్‌బోర్డు మీద చిన్న పీపాలా ఉండే నికెల్ కాడ్మియం బ్యాటరీని చూడండి. దాని నుంచి కారిన రసం రాగి దారులను తినేస్తుంది కాబట్టి చుట్టూ పచ్చటి పొక్కులు కనిపిస్తే, కార్డు కొనక ముందే మెకానిక్ చేత దాన్ని తీయించి బోర్డు శుభ్రం చేయించాలి. బ్యాటరీ పోతే బయాస్ గుర్తుంచుకున్న హార్డ్ డిస్క్ కొలతలూ చెరిగిపోతాయి (పద్దులు కాదు); డిస్క్ మీద అంటించిన కాగితంలోని సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల అంకెలను రాసిపెట్టుకోండి. చాలా 386 బోర్డుల మీద కలర్, మోనో అని ఒక జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఉంటుంది. దాన్ని కలర్ వైపు మార్చి, బయాస్ సెటప్‌లో డిస్‌ప్లే రకాన్ని వీజీఏగా ఎంచుకోండి.

మానిటర్ విషయంలో, వీజీఏ సాకెట్ ఉన్న పాత 17 అంగుళాల ఎల్‌సీడీ అన్నిటికంటే నయం. డాస్ టెక్స్ట్ 720×400 కొలతలో, 70 హెర్ట్జ్‌తో వస్తుంది. మానిటర్ పుస్తకంలో ఆ అంకెలు ఉన్నాయో లేదో చూసుకోండి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న మానిటరైతే వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ కావాలి. దుకాణాల్లో ఎక్కువగా వేలాడుతుండేవి దానికి తలకిందులుగా, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేవి. వాటిని తిప్పి తగిలిస్తే పనిచేయవు.

ఇక దొరికే చోటు. విజయవాడ గవర్నర్‌పేటలోనో మీ ఊళ్లోనో కొత్త సరుకు అమ్మే షాపుల కంటే, పాతికేళ్లుగా మరమ్మతులు చేస్తున్న మెకానిక్‌ల అటకలు వెతికించడం మేలు. అక్కడ లేకపోతే చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్ చూడండి. ఆన్‌లైన్‌లో కొనేటట్లయితే, ఆ కార్డుతో వెలుగుతున్న తెర ఫొటో పంపమని అడిగిన తర్వాతే డబ్బు కట్టండి. వచ్చిన కార్డు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి పూర్తిగా దులిపాక స్లాట్‌లో గుచ్చండి.

తెర వెలిగిన రోజే పద్దుల ఫైళ్లను ఫ్లాపీల్లోకి కాపీ చేసుకోండి. హార్డ్ డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టర్‌కు తగిలిస్తే సరిపోతుంది కదా అనే సలహా మీకు వినిపించవచ్చు, కానీ అంత పాత డిస్కులను ఆ అడాప్టర్లు చాలావరకు గుర్తించవు.